హిబా, వసియత్, ట్రస్టు: ఆస్తి గొడవ మొదలయ్యేది ఎక్కడ?

ఇంటి పెద్ద పోయాక చెహ్లుం అయ్యేదాకా సాధారణంగా ఎవరూ ఆస్తి మాట ఎత్తరు. ఆ తర్వాత వారం తిరగకముందే బీరువాలోంచి కాగితాలు బయటికి వస్తాయి. పెద్ద కొడుకు దగ్గర ఓ హిబానామా ఉంటుంది. చిన్న కొడుకు దగ్గర వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాయించిన వసియత్ ఉంటుంది. బ్యాంకు పుస్తకంలో నామినీగా ఇంకెవరిదో పేరు కనిపిస్తుంది. కూతుళ్ల దగ్గర మాత్రం ఏ కాగితమూ ఉండదు. వాళ్ల దగ్గర ఉన్నదల్లా ఖురాన్ చెప్పిన వాటా ఒక్కటే.

నిజానికి ముస్లిం కుటుంబాల్లో ఎవరికి ఎంత అన్న లెక్క మీద గొడవ తక్కువ. సూరా నిసాలోని 11, 12, 176 ఆయతుల్లో ఆ లెక్క ఉంది. మన కోర్టులు కూడా 1937 షరియత్ చట్టం ప్రకారం దాన్నే అమలు చేస్తాయి. గొడవంతా పెద్దాయన బతికుండగా ఏం ఇచ్చాడు, ఏం రాశాడు, ఎవరితో ఏం చెప్పాడు అన్నదాని మీదే. ఇచ్చినట్టు చెప్పి స్వాధీనం చెయ్యకపోవడం, రాసి ఎవరికీ చెప్పకపోవడం, చెప్పి రాయకపోవడం... కోర్టుకెక్కే కేసుల్లో చాలావాటి మూలం ఈ మూడింటిలో ఏదో ఒకటి.

ముందు అప్పులు, తర్వాతే వాటాలు

మనిషి చనిపోగానే ఆస్తి వారసులు పంచేసుకోవడానికి లేదు. ముందు కఫన్, దఫన్ ఖర్చులు తీయాలి. తర్వాత అప్పులు తీర్చాలి. ఈ అప్పుల్లో చాలామంది మర్చిపోయేది భార్యకు బాకీ ఉన్న మహర్. నిఖానామాలో రాసి, జీవితాంతం ఇవ్వకుండా ఉండిపోయిన మహర్ కూడా అప్పే. అది ఆమె వారసత్వ వాటాలో కలిసిపోదు, దానికి అదనం. భర్త ఆస్తి న్యాయంగా ఆమె స్వాధీనంలో ఉంటే, మహర్ ముట్టేదాకా ఆ స్వాధీనం వదలకుండా ఉండే హక్కు కూడా ఆమెకు ఉంది. అయితే అంతమాత్రాన ఆమె మొత్తం ఆస్తికి యజమాని అయిపోదు.

అప్పుల తర్వాత వసియత్. ఆ మిగిలినదే వారసులది. ఒక లెక్క చూద్దాం. ఒకాయన 1 కోటి 4 లక్షల ఆస్తి వదిలి పోయాడు. దఫన్ ఖర్చులు, అప్పులు, మహర్ కలిపి 8 లక్షలు. మిగిలింది 96 లక్షలు. వసియత్ లేదు. భార్య, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు ఉన్నారు. పిల్లలున్నారు కాబట్టి భార్యకు ఎనిమిదో వంతు, అంటే 12 లక్షలు. మిగతా 84 లక్షలు కొడుక్కి రెండు, కూతురికి ఒకటి చొప్పున ఆరు భాగాలవుతాయి. ఒక్కో కూతురికి 14 లక్షలు, ఒక్కో కొడుక్కి 28 లక్షలు. ఆయన తల్లి కూడా బతికుంటే ఆమెకు ఆరో వంతు, అంటే 16 లక్షలు ముందే పోతుంది. ఈ తల్లి వాటాను లెక్కలోకి తీసుకోకుండా పంపకాలు చేసిన ఇళ్లు ఎన్నో. తర్వాత ఆమె కూడా పోయాక, ఆమె కూతుళ్లు, అంటే పిల్లల మేనత్తలు, తమ వాటా అడిగితే అప్పుడు ఆశ్చర్యపోతారు.

ఇక్కడే ఇంకో విషయం. ముస్లిం చట్టంలో పుట్టుకతో వచ్చే హక్కు లేదు. తాతల ఆస్తి, స్వార్జితం అన్న తేడా కూడా లేదు. తండ్రి బతికున్నంత కాలం ఆస్తి ఆయనదే. కొడుకు వెళ్లి "నా భాగం నాకిచ్చెయ్యి" అని దావా వేయలేడు. పక్కింటి హిందూ కుటుంబంలో చూసిన పద్ధతిని తమకూ వర్తిస్తుందనుకుని వకీలు ఫీజు పోగొట్టుకునేవాళ్లు ఉన్నారు.

వసియత్ మూడో వంతు దాటదు

"నా ఇష్టం, నా ఆస్తి, మొత్తం చిన్నోడికే రాసేస్తా" అనడం వినడానికి బాగానే ఉంటుంది. చట్టంలో మాత్రం కుదరదు. అప్పులు పోగా మిగిలిన ఆస్తిలో మూడో వంతు మేరకే వసియత్ చెల్లుతుంది. సాద్ బిన్ అబీ వఖాస్ తన ఆస్తి దానమిచ్చేస్తానని అడిగినప్పుడు, మూడో వంతు చాలు, అదీ ఎక్కువేనని ప్రవక్త సూచించిన హదీసు ఇందుకు ఆధారం. పై లెక్కలో ఆ హద్దు 32 లక్షలు.

సున్నీ హనఫీ పద్ధతిలో ఇంకో అడ్డు కూడా ఉంది. ఎలాగూ వాటా వచ్చే వారసుడి పేరు మీద వసియత్ రాస్తే, మిగతా వారసులు ఒప్పుకుంటేనే చెల్లుతుంది. ఆ ఒప్పుకోవడం కూడా రాసినాయన పోయిన తర్వాత జరగాలి. బతికుండగా అందరి చేత సంతకాలు పెట్టించినా, పోయాక ఒకరు కాదంటే ఆ మేరకు పోయినట్టే. షియా కుటుంబాల్లో రూలు వేరు: మూడో వంతు వరకు వారసుడికైనా ఎవరి అనుమతీ లేకుండా రాయవచ్చు. ఇక స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద పెళ్లి చేసుకున్నవాళ్లకు భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది, ఈ మూడో వంతు హద్దు ఉండదు.

అయితే వసియత్ దేనికి? నిజంగా పనికొచ్చే చోట దాన్ని చాలా తక్కువమంది వాడుతున్నారు. ఆ చోటు తండ్రిలేని మనవళ్లు. ఒకాయనకు ఇద్దరు కొడుకులు, పెద్దవాడు తండ్రి కంటే ముందే పోయాడనుకోండి. తాత పోయినప్పుడు రెండో కొడుకు బతికుంటే, పెద్దవాడి పిల్లలకు వారసత్వంగా ఒక్క పైసా రాదు. దగ్గరి బంధువు దూరపు బంధువును అడ్డుకుంటాడన్నది రూలు. బాబాయి ఇంట్లో ఉంటాడు, తండ్రి పోయిన పిల్లలు అద్దెకు పోతారు. ఇలాంటి పిల్లల కోసం తాత మూడో వంతు లోపల వసియత్ రాసి పెట్టొచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఎందుకంటే ఈ మనవళ్లు వారసులు కారు. పెంచుకున్న బిడ్డ విషయంలోనూ అంతే. పెంపకం వల్ల వారసత్వం రాదు, వసియత్ కానీ హిబా కానీ ఉండాల్సిందే. తాత రాయకుండా పోతే తర్వాత ముఫ్తీ సాబ్ దగ్గరికెళ్లి ఏడ్చినా లెక్క మారదు.

ముస్లిం వసియత్‌కు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. నోటితో చెప్పినా చెల్లుతుంది. కోర్టులో ప్రొబేట్ కూడా తప్పనిసరి కాదు. కానీ నోటి వసియత్‌ను రుజువు చేయడం ఎంత కష్టమో దాన్ని నమ్ముకున్నవాళ్లకే తెలుసు. ఇద్దరు సాక్షులు, వీలైతే వాళ్లిద్దరూ వాటాదారులు కానివాళ్లు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్ట్రేషన్... ఖర్చు పెద్దగా ఉండదు. మంచాన పడ్డాక, చెయ్యి వణుకుతుండగా వేసిన వేలిముద్ర కంటే ఆరోగ్యంగా ఉన్నప్పుడు పెట్టిన సంతకం వంద రెట్లు నయం.

హిబా: మూడు షరతులు, ఒకటి లేకున్నా గాల్లో దీపమే

మూడో వంతు హద్దు వసియత్‌కే. బతికుండగా ఇచ్చే హిబాకు ఆ హద్దు లేదు. మొత్తం ఆస్తి ఒకరికే ఇచ్చినా చట్టం అడ్డుపడదు. గొడవల్లో ఎక్కువ భాగం హిబా చుట్టూనే తిరగడానికి కారణం ఇదే.

హిబాకు మూడు షరతులు. ఇస్తున్నానని ఇచ్చేవాడు చెప్పాలి. పుచ్చుకునేవాడు ఒప్పుకోవాలి. ఆస్తి స్వాధీనం చేయాలి. మొదటి రెండూ సులువు. మూడోదే కొంప ముంచుతుంది.

దీని మీద సుప్రీంకోర్టు 2011లో ఇచ్చిన ముఖ్యమైన తీర్పు మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులోనిదే. 1968లో ఒక తండ్రి రిజిస్టర్ కాని కాగితం మీద ఒక కొడుక్కి ఆస్తి హిబా చేశాడు. ఆయన పోయాక మిగతావాళ్లు పంపకాల దావా వేశారు. రిజిస్టర్ కాలేదు కాబట్టి చెల్లదన్నది వాళ్ల వాదన, హైకోర్టు దాన్నే ఒప్పుకుంది. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఆస్తి బదిలీ చట్టం 129వ సెక్షన్ ముస్లిం హిబాను మినహాయించిందని, మూడు షరతులూ నెరవేరితే కాగితం మీద రాసినంత మాత్రాన రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదని చెప్పింది. హిబా చేసింది 1968లో, తీర్పు వచ్చింది 2011లో. మధ్యలో 43 ఏళ్లు. గెలిచిన కుటుంబానికీ, ఓడిన కుటుంబానికీ ఆ 43 ఏళ్లు తిరిగి రావు.

ఆ తీర్పు చూసి "నోటి మాట చాలు" అనుకున్నవాళ్లకు 2025 అక్టోబరులో ఇంకో తీర్పు వచ్చింది. కర్ణాటకలోని కలబురగి దగ్గరి భూమి. తల్లి 1988లో నోటి హిబా చేసిందని కూతురి వాదన. కానీ రెవెన్యూ రికార్డుల్లో ఆమె పేరు ఎక్కలేదు, భూమి ఆమె స్వాధీనంలో ఉన్నట్టు రుజువు లేదు, దావా వేసింది 2013లో. సుప్రీంకోర్టు ఆ హిబాను నమ్మలేదు. రెండు తీర్పుల్లో సూత్రం ఒక్కటే, ఫలితమే వేరు. తేడా అంతా స్వాధీనం దగ్గర వచ్చింది.

అందుకని హిబా ఇచ్చాక మ్యుటేషన్ చేయించడం, ఇంటి పన్ను, కరెంటు మీటరు పేరు మార్చడం, అద్దె వస్తుంటే అద్దె కొత్త యజమానికి వెళ్లేలా చూడడం, ఇవే రేపు కోర్టులో మాట్లాడతాయి. తండ్రీకొడుకులు ఒకే ఇంట్లో ఉంటే తండ్రి సామాను తీసుకుని బయటికి పోనక్కర్లేదు, కానీ యజమాని మారాడని చూపే పని ఏదో ఒకటి జరిగుండాలి. హిబా చేశానని చెప్పి, అద్దెలు మాత్రం పదేళ్లు తండ్రే తీసుకుంటే మిగతా పిల్లల వకీలుకు పని సులువు అవుతుంది.

చావు జబ్బులో ఉండి చేసిన హిబా, అంటే మర్జుల్ మౌత్‌లో చేసినది, వసియత్ లెక్కలోకే వస్తుంది. మూడో వంతు హద్దు దానికీ పడుతుంది. ఐసీయూలో వేలిముద్ర తీసుకున్న కాగితాలు నిలవకపోవడానికి ఇదొక కారణం.

చట్టం అడ్డుపడకపోయినా దీన్ ఏమంటుందన్నది వేరే ప్రశ్న. నోమాన్ బిన్ బషీర్ తండ్రి ఒక కొడుక్కి కానుక ఇచ్చి సాక్ష్యం ఉండమని అడిగితే, పిల్లలందరికీ ఇలాగే ఇచ్చావా అని ప్రవక్త అడిగి, లేదనగానే సాక్ష్యానికి నిరాకరించిన హదీసు ప్రసిద్ధం. అక్కచెల్లెళ్లకు వాటా పోకూడదని చెప్పే మతంలో పుట్టి, ఆ వాటా పోగొట్టడానికే హిబాను వాడుకోవడం ఏం న్యాయం?

ఇంకో ప్రమాదం తల్లిదండ్రులకే. హనఫీ పద్ధతిలో కన్నబిడ్డకు హిబా చేసి స్వాధీనం ఇచ్చేశాక వెనక్కి తీసుకోవడం కుదరదు. ఇల్లు రాసిచ్చాక గెంటేస్తే? 2007 వృద్ధుల సంరక్షణ చట్టం 23వ సెక్షన్ ఒక దారి చూపిస్తుంది. చూసుకుంటానన్న షరతు మీద ఆస్తి తీసుకుని చూసుకోకపోతే ఆ బదిలీని ట్రిబ్యునల్ రద్దు చేయవచ్చు. అయితే ఆ షరతు ఉందని తేలాలి. కాబట్టి రాసిచ్చేటప్పుడే "మా ఇద్దరి తిండి, మందులు, ఉండడం చూసుకోవాలి" అని పత్రంలో రాయించుకోవాలి. కొడుకు మీద నమ్మకం లేక కాదు, కోడలికీ అల్లుడికీ కూడా మాట తెలియాలి కదా.

"ఆపా మాఫ్ చేసేసింది"

పంపకాల్లో ఎక్కువగా వినిపించే మాట ఇదే. ఆపా తన వాటా మాఫ్ చేసింది, మాకు వద్దంది, పెళ్లికి జహేజ్ ఇచ్చాం కదా. తండ్రి పెట్టిన పెళ్లి ఖర్చు, ఇచ్చిన సామాను వారసత్వ వాటాలోంచి కొట్టేయడానికి లేదు. జహేజ్ వేరు, విరాసత్ వేరు.

తండ్రి బతికుండగా కూతురు వాటా వదులుకుంటానని రాసిచ్చినా మామూలుగా దానికి విలువ లేదు. ఎందుకంటే అప్పటికి ఆమెకు హక్కే పుట్టలేదు. లేనిదాన్ని వదులుకోవడం ఏమిటి? అయితే దీనికి ఒక మినహాయింపు ఉంది. ఎవరైనా వారసుడు ముందే డబ్బు పుచ్చుకుని, ఇక అడగనని చెప్పి, మిగతావాళ్లు ఆ మాట నమ్మి నడుచుకుంటే, తర్వాత మాట మార్చడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 1972లో చెప్పింది. కాబట్టి తండ్రి దగ్గరో అన్న దగ్గరో డబ్బు తీసుకుని సంతకం పెట్టే ముందు అది దేనికో చదువుకోవాలి.

తండ్రి పోయాక వదులుకోవడం చెల్లుతుంది. స్థిరాస్తి అయితే రిజిస్టర్ అయిన రిలీజ్ డీడ్ ఉండాలి. జనాజా అయిన వారానికి, ఇద్దత్‌లో ఉన్న తల్లి ముందు, అన్నదమ్ములంతా చుట్టూ కూర్చుని సంతకం పెట్టమంటే అది ఇష్టంతో పెట్టినట్టా, ముఖం చూసి పెట్టినట్టా అన్నది తర్వాత ప్రశ్న అవుతుంది. పుట్టింటికి రాకపోకలు తెగిపోతాయన్న భయంతో నోరు మూసుకునే ఆడపిల్లలు ఎంతమందో. ఆ భయాన్ని మాఫీ అనడం కుదరదు.

ఒక సంగతి ఆడపిల్లలకు తెలియాలి. అన్న ఒక్కడే ఇల్లు అమ్మేస్తే అతని వాటా మేరకే అమ్మకం చెల్లుతుంది. చెల్లెలి వాటా కొన్నవాడికి పోదు, ఆమె పంపకాల దావా వేయవచ్చు. కానీ ఆలస్యం మంచిది కాదు. నీకు హక్కే లేదని అన్న బాహాటంగా చెప్పి, ఆస్తి తానొక్కడే అనుభవించడం మొదలుపెట్టిన నాటి నుంచి 12 ఏళ్ల గడువు పరుగెత్తుతుంది.

సౌదీ నుంచి పంపిన డబ్బు, అబ్బా పేరు మీద ఇల్లు

పాతబస్తీ నుంచి నిజామాబాద్, కడప దాకా ఈ కథ ఒకటే. కొడుకు ఇరవై ఏళ్లు జెద్దాలోనో దమ్మామ్‌లోనో పనిచేసి డబ్బు పంపాడు. స్థలం కొన్నది, ఇల్లు కట్టింది తండ్రి. రిజిస్ట్రేషన్ తండ్రి పేరు మీదే. తండ్రి పోయాక ఆ ఇల్లు అందరి ఇల్లు అయింది. నా చెమటతో కట్టిన ఇంట్లో మీకు వాటా ఏంటని అతను అంటాడు. కాగితం మీద అబ్బా పేరే ఉంది కదా అని మిగతావాళ్లు అంటారు. ఇద్దరిలో ఎవరిదీ అబద్ధం కాదు.

బేనామీ చట్టం ఇక్కడ అడ్డొస్తుంది. భార్య పేరు మీద, పిల్లల పేరు మీద తన డబ్బుతో కొంటే 2016 సవరణ తర్వాత కూడా మినహాయింపు ఉంది. తల్లిదండ్రుల పేరు మీద, అన్నదమ్ముల పేరు మీద కొంటే మాత్రం, కొన్నవాడి పేరు కూడా ఉమ్మడిగా పత్రంలో ఉండాలి. పేరు లేకుండా మొత్తం తండ్రి పేరు మీద కొని తర్వాత నాదే అంటే కోర్టులో నిలబడడం చాలా కష్టం. కాబట్టి గల్ఫ్‌లో ఉన్న కొడుకు పేరు మొదటి రోజే పత్రంలో పక్కన పడాలి. లేదా తండ్రి బతికుండగానే సరైన పద్ధతిలో హిబా చేయాలి.

పవర్ ఆఫ్ అటార్నీ గురించి ఒక మాట. తండ్రి కొడుక్కి ఇచ్చిన జీపీఏ తండ్రి పోయిన రోజుతోనే మామూలుగా పోతుంది. దాంతో తర్వాత అమ్మిన అమ్మకం వారసులను కట్టిపడేయదు. విదేశాల్లో చేయించిన జీపీఏ అయితే, ఇండియాకు వచ్చిన మూడు నెలల లోపల దానికి ఇక్కడ స్టాంపు వేయించాలి. చికాగోలోనో డల్లాస్‌లోనో ఉన్నవాళ్లు అక్కడ లివింగ్ ట్రస్టు రాయించుకుంటే, టోలీచౌకీలో ఉన్న ఇల్లు కూడా అందులోకి వచ్చేసినట్టు అనుకుంటారు. ఇక్కడి స్థిరాస్తికి ఇక్కడి చట్టమే. రెండు దేశాల్లో ఆస్తి ఉంటే రెండు చోట్లా వేర్వేరుగా రాయించుకోవాలి, ఒకటి రెండోదాన్ని రద్దు చేయకుండా చూసుకోవాలి. అమెరికాలో ఇంకో తిరకాసు ఉంది. అక్కడ వసియత్ లేకుండా పోతే ఆ రాష్ట్ర చట్టం ప్రకారమే పంపకం, షరియత్ ప్రకారం కాదు.

నామినీ, ఫ్యామిలీ సర్టిఫికెట్

నామినీ యజమాని కాదు. బ్యాంకు డిపాజిట్ అయినా, షేర్లు, మ్యూచువల్ ఫండ్లు అయినా నామినీ డబ్బు అందుకునేవాడు మాత్రమే, అది వారసులందరిదీ. షేర్ల విషయంలో సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో మళ్లీ ఇదే చెప్పింది. మీసేవలో దరఖాస్తు చేసుకుంటే తహసీల్దార్ ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కూడా వాటాలు తేల్చదు, కుటుంబంలో ఎవరెవరున్నారో చెబుతుంది అంతే. అందులోంచి ఒక చెల్లెలి పేరు ఎగిరిపోయినంత మాత్రాన ఆమె హక్కు ఎగిరిపోదు. జామియా నిజామియా దారుల్ ఇఫ్తాలో తీసుకున్న ఫత్వా వాటాల లెక్క సరిగ్గా చెబుతుంది, కానీ అది కోర్టు డిక్రీ కాదు, దాంతో సబ్ రిజిస్ట్రార్ ఆస్తి మార్చడు.

ట్రస్టు పెడితే గొడవ తప్పుతుందా?

ఉన్నవాళ్ల ఇళ్లలో ఈ మధ్య వినిపిస్తున్న మాట ఫ్యామిలీ ట్రస్టు. పాత రోజుల్లో దీని పేరు వక్ఫ్ అలల్ ఔలాద్, అంటే సంతానం కోసం చేసిన వక్ఫ్. ఆస్తి అల్లాహ్ పేరు మీద కట్టేస్తారు, ఆదాయం తరతరాలుగా పిల్లలకు, చివరికి వంశం ఆగిపోతే పేదలకు. 1894లో ప్రివీ కౌన్సిల్ ఇలాంటి వక్ఫ్‌లు నామమాత్రపు ధర్మమని, చెల్లవని తేల్చడంతో దేశమంతా ముస్లింలలో కలకలం రేగింది. జిన్నా ప్రవేశపెట్టిన బిల్లు 1913లో చట్టమై వాటిని తిరిగి నిలబెట్టింది.

ఈ వక్ఫ్‌లలో ఎక్కువ నష్టపోయింది ఆడపిల్లలు. మగ సంతానానికి మాత్రమే ఆదాయం అని రాసిన వక్ఫ్‌నామాలు ఉన్నాయి. 2025లో వచ్చిన వక్ఫ్ సవరణ చట్టం మీద ముస్లిం సమాజంలో తీవ్ర అభ్యంతరాలున్నాయి, సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 15న కొన్ని నిబంధనలను ఆపింది కూడా. ఆ చర్చ వేరు. ఇక్కడ తెలుసుకోవాల్సింది ఏంటంటే, కొత్తగా చేర్చిన 3ఎ సెక్షన్ ప్రకారం సంతానం కోసం చేసే వక్ఫ్ వల్ల ఆడవాళ్లతో సహా వారసుల వారసత్వ హక్కు పోకూడదు. కాబట్టి కూతుళ్లను తప్పించడానికే వక్ఫ్ చేద్దామనుకుంటే ఆ దారి మూసుకున్నట్టే.

ముతవల్లీ యజమాని కాదు, నిర్వాహకుడు. వక్ఫ్ ఆస్తిని అమ్మే హక్కు అతనికి లేదు. అతని కొడుకే తర్వాత ముతవల్లీ అవుతాడన్న రూలు కూడా లేదు, వక్ఫ్‌నామాలో ఏం రాసుంటే అదే. గొడవ వస్తే మామూలు సివిల్ కోర్టు కాదు, వక్ఫ్ ట్రిబ్యునల్‌కు వెళ్లాలి.

1882 ట్రస్టు చట్టం కింద పెట్టే ప్రైవేటు ట్రస్టుకు దారి వేరు. బతికుండగా స్థిరాస్తిని ట్రస్టులో పెడితే పత్రం రిజిస్టర్ కావాలి. ట్రస్టీ లెక్కలు రాయాలి, లబ్ధిదారు అడిగితే చూపించాలి. ఇంట్లో పెద్దన్నే ట్రస్టీ అయితే లెక్క అడగడం అవమానంగా తీసుకుంటాడు. కానీ అడగడం లబ్ధిదారు హక్కు, చెప్పడం ట్రస్టీ బాధ్యత.

ట్రస్టు రాసినా గొడవలు ఆగవనడానికి హైదరాబాదే సాక్ష్యం. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1950 ప్రాంతంలో కుటుంబం కోసం, నగల కోసం, ధర్మకార్యాల కోసం ఎన్నో ట్రస్టులు పెట్టాడు. నగల ట్రస్టులోని 173 ఆభరణాలను కేంద్ర ప్రభుత్వం 1995లో సుమారు 218 కోట్లకు కొన్నది. అక్కడికి చేరడానికే కోర్టుల చుట్టూ ఏళ్ల తరబడి తిరగాల్సి వచ్చింది. లండన్ బ్యాంకు డబ్బు కథ ఇంకా పెద్దది. 1948 సెప్టెంబరులో నిజాం ఆర్థిక మంత్రి 10 లక్షల 7 వేల 940 పౌండ్లను పాకిస్తాన్ హైకమిషనర్ ఖాతాకు మార్చాడు. నిజాం కొద్ది రోజులకే వెనక్కి అడిగినా బ్యాంకు ఇవ్వలేదు. 2019 అక్టోబరు 2న ఇంగ్లండ్ హైకోర్టు ఆ డబ్బు భారత ప్రభుత్వానికి, నిజాం ఇద్దరు మనవళ్లు ముకర్రం జా, ముఫఖం జాలకు చెందుతుందని తేల్చింది. అప్పటికి వడ్డీతో అది దాదాపు 3 కోట్ల 50 లక్షల పౌండ్లయింది. ఆ ఇద్దరు మనవళ్ల వాదనకు బలం నిజాం 1963లో రాసిన ట్రస్టు. మిగతా వంశస్థుల తరఫున కేసును తిరిగి తెరవాలన్న ప్రయత్నాన్ని కోర్టు 2020లో తోసిపుచ్చింది. ట్రస్టు రాసుంటే ఎవరికి అన్నది కాగితం చెబుతుంది. ఎందుకు వాళ్లకే, మాకెందుకు లేదు అన్న ప్రశ్నకు ఏ కాగితమూ జవాబు చెప్పదు. అది రాసినాయన బతికుండగా పిల్లల్ని కూర్చోబెట్టి చెప్పాల్సిందే.

రాజీకి దారి

పంపకం కుటుంబంలోనే తేల్చుకుంటే పద్ధతి ఉంది. వాటాదారులంతా కూర్చుని నోటితో పంచుకుని, జరిగిన పంపకాన్ని తర్వాత గుర్తు కోసం రాసుకుంటే దానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఆ కాగితంతోనే పంచుకుంటే మాత్రం రిజిస్టర్ చేయించాలి. మైనర్ వారసులుంటే వాళ్ల వాటాను తల్లి కానీ బాబాయి కానీ కోర్టు అనుమతి లేకుండా అమ్మడానికి వీల్లేదు. దావా పడ్డ తర్వాత కూడా లోక్ అదాలత్‌లో రాజీ పడవచ్చు, అక్కడి అవార్డుకు డిక్రీ విలువ ఉంటుంది, కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది.

సాలార్‌జంగ్ కుటుంబం చేసింది ఇలాంటి పనే. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ 1949 మార్చి 2న పెళ్లి కాకుండానే, నేరుగా వారసులు లేకుండా పోయాడు. దివాన్ దేవిడీ నిండా వేల వస్తువులు, లెక్కకు మించిన బంధువులు. ఎవరి వాటా వాళ్లు పట్టుకుపోయి ఉంటే ఆ సేకరణ ముక్కలయ్యేది. 1958 డిసెంబరులో హైకోర్టు డిక్రీతో బంధువులు రాజీకి వచ్చి మొత్తం సేకరణను ప్రభుత్వానికి ఇచ్చేశారు. 1961లో పార్లమెంటు చట్టంతో అది జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది.